వంగని నడుముతో హనోయి వీధుల్లో

నాకు 49 ఏళ్లు. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర లేడీస్ టైలరింగ్ షాపు నడుపుతాను. పుట్టి పెరిగింది మర్రిగూడ మండలంలో. పెళ్లయి నల్లగొండ వచ్చేదాకా ఫ్లోరైడ్ ఎక్కువున్న మా ఊరి బోరు నీళ్లే తాగాను. ఆ నీళ్లు ఎముకల్ని, పళ్లని ఏం చేస్తాయో మా వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నాకు కాళ్లు వంకరపోలేదు, అదే అదృష్టం. కానీ మెడ పక్కకు తిరగదు. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. నడుము వంగదు. కింద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. మిషన్ కూడా ఎత్తు బల్ల మీద పెట్టించుకుని కుడతాను. పళ్ల మీద గోధుమ రంగు చారలు ఉంటాయి, అందుకే ఫొటోల్లో నోరు తెరవను.

నవంబర్ 28 నుంచి డిసెంబర్ 2 దాకా మా అమ్మాయితో కలిసి వియత్నాంలోని హనోయి వెళ్లి, ఆ ఊరంతా కాలినడకన తిరిగి వచ్చాను. నాలాంటి ఒళ్లు ఉన్నవాళ్లు మా జిల్లాలో చాలామంది ఉన్నారు. మనకు ఇట్లాంటివి సాధ్యం కావని నాలాగే అనుకుంటూ ఉంటారు. వాళ్లకు ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆలోచన మా అమ్మాయిది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. టూర్ ప్యాకేజీలో పోదామని నేనంటే ఒప్పుకోలేదు. "అమ్మా, వాళ్లు పొద్దంతా బస్సులో కూర్చోబెడతరు. నీకు కష్టం నడవడం కాదు, కూర్చోవడం" అంది. అది నిజమే. నల్లగొండ నుంచి హైదరాబాద్ బస్సులో పోయి దిగేసరికే నా నడుము కర్రలా బిగుసుకుపోతుంది. ఈసారి నవంబర్ చివర నుంచి మూఢం కాబట్టి పెళ్లిళ్లు ఉండవు, బ్లౌజుల గిరాకీ తగ్గుతుంది. షాపు ఆరు రోజులు మూసినా నష్టం లేదని అప్పుడే పెట్టుకున్నాం.

అక్టోబర్ మొదటి వారం నుంచి రోజూ పొద్దున ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లో నడక మొదలుపెట్టాను. మొదట్లో 20 నిమిషాలకే ఎడమ మోకాలు పట్టేసేది. నెల దాటేసరికి గంట నడవగలిగాను. ఎముకల డాక్టర్‌ను అడిగితే నడవమనే చెప్పారు. అరగంటకోసారి ఆగాలి, ఎత్తు తక్కువ ఉన్న వాటి మీద కూర్చోకూడదు, నడుముకు బెల్టు పెట్టుకోవాలి అన్నారు. ఆ రెండో మాట ఎంత ముఖ్యమో హనోయి వెళ్లాకే అర్థమైంది.

వీసా ఆన్‌లైన్‌లోనే. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో 25 డాలర్లు, కార్డు ఛార్జీలతో కలిపి మనిషికి దాదాపు 2,300 రూపాయలు పడింది. ఒక ఏజెంట్ ఇదే పనికి 5,500 అడిగాడు. నవంబర్ 6న అప్లై చేస్తే మూడు పని దినాల్లో వస్తుందన్నారు. మా అమ్మాయిది వచ్చింది, నాది రాలేదు. కళ్లద్దాలతో దిగిన ఫొటో పెట్టడమే తప్పు. అద్దాలు తీసి మళ్లీ దిగి పంపితే 14న వచ్చింది. ఆ వారం రోజులు నాకు నిద్ర లేదు. ఊళ్లో సర్పంచ్ ఎన్నికల హడావుడి మొదలవుతోంది. మా ఆడబిడ్డ ఫోన్ చేసి "ఓటు వేయకుండా ఎక్కడికి పోతవ్ వదినా" అని అడిగితే, వీసా రాకపోతే ఓటుకు మన ఊరే వస్తానని చెప్పాను. మనసులో మాత్రం వీసా రావాలని మొక్కుకుంటూనే ఉన్నాను.

27 రాత్రి శంషాబాద్ నుంచి బయల్దేరి బ్యాంకాక్‌లో విమానం మారాం. టికెట్ బుక్ చేసేటప్పుడే మా అమ్మాయి నాకు వీల్‌చెయిర్ అడిగింది. దానికి డబ్బులు తీసుకోరు. ఆ సంగతి నాకు ముందు చెప్పలేదు. ఎయిర్‌పోర్టులో ఒకబ్బాయి వీల్‌చెయిర్ తెచ్చి నా పేరు పిలిచేసరికి ఏడుపొచ్చింది. నడవడానికని పోతూ ఇందులో కూర్చోవడమేంటని ఎక్కనన్నాను. "ఇక్కడ గంటసేపు లైన్లో నిలబడి కాళ్లు అరగదీసుకుంటే అక్కడ ఏం నడుస్తవమ్మా" అంది. ఎక్కాను. హనోయిలో ఇమిగ్రేషన్ దగ్గర జనం మూడు మడతల లైన్లో ఉంటే మమ్మల్ని పక్క నుంచి తీసుకెళ్లి పావుగంటలో బయటికి పంపారు. సిగ్గుపడి మానేస్తే మనకే నష్టం.

ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి 86 నంబర్ బస్సు, మనిషికి 45,000 డాంగ్‌లు. అంకె చూసి భయపడొద్దు. మూడు సున్నాలు తీసేసి మూడున్నరతో గుణిస్తే మన రూపాయలు, అంటే 160 లోపే. పాత ఊరి అంచున దిగాక హోటల్ అరకిలోమీటరు కూడా లేదు. ఆ అరకిలోమీటరుకు గంట పట్టింది. మధ్యలో ఒక రోడ్డు దాటాలి.

ఆ రోడ్డు మీద సిగ్నల్ లేదు. స్కూటర్లు వరద కాలువలా వస్తూనే ఉన్నాయి, ఎక్కడా తెగవు. అక్కడ బండ్లు కుడివైపున నడుస్తాయి, కాబట్టి ముందు ఎడమ పక్క నుంచి వస్తాయి. నేను ఎడమకు చూడాలంటే ఒంటిని మొత్తం అటు తిప్పాలి. మళ్లీ కుడికి తిరిగేసరికి ఎడమ పక్కన పరిస్థితి మారిపోతుంది. రెండుసార్లు రెండడుగులు వేసి వెనక్కి వచ్చాను. మా అమ్మాయి చెయ్యి పట్టి లాగితే కేకేశాను. ఇరవై నిమిషాలు ఆ అంచునే నిలబడ్డాం. వెనక్కి పోదామన్నాను. రోడ్డు దాటలేని మనిషిని ఊరు చూడ్డానికి తీసుకొచ్చింది నా బిడ్డ అనిపించి గుండె బరువెక్కింది.

చివరికి మా అమ్మాయి హోటల్‌కు ఫోన్ చేస్తే అక్కడి కుర్రాడు ఎదురొచ్చాడు. వచ్చీరాని ఇంగ్లీషులో మూడే మాటలు చెప్పాడు. మెల్లగా నడవాలి. ఆగకూడదు. వెనక్కి అడుగు వేయకూడదు. అంతే, నా పక్కన నడవడం మొదలుపెట్టాడు. నేను ఎటూ చూడలేదు, చూడలేను కూడా. ఎదురుగా ఒక ఆకుపచ్చ తలుపు కనిపిస్తే దాని మీదే కళ్లు పెట్టి నా నడక నేను నడిచాను. స్కూటర్లు నా ముందు నుంచి, వెనక నుంచి నీళ్లు రాయిని ఒరుసుకుని పోయినట్టు పోయాయి. ఒక్కరూ హారన్ కొట్టి తిట్టలేదు. ఆ బండి వాళ్లు మన నడకను దూరం నుంచే లెక్కగట్టుకుని పక్కకు తప్పుకుంటారు. ఉరికితే, ఆగితే, వెనక్కి జంకితే వాళ్ల లెక్క తప్పుతుంది. నా ఒళ్లు ఉరకలేదు, చటుక్కున తిరగలేదు. ఇన్నేళ్లూ కర్రలా నడుస్తానని నన్ను చూసి జాలిపడ్డారు. ఆ రోడ్డుకు కావలసింది సరిగ్గా అదే నడక. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి: బస్సులు, కార్లు అట్లా తప్పుకోవు. అవి వస్తుంటే ఆగాల్సిందే.

హోటల్‌లో ఇంకో దెబ్బ తగిలింది. పాత హనోయిలో ఇళ్లు ముందు భాగం సన్నగా, లోపలికి పొడుగ్గా, పైకి ఎత్తుగా ఉంటాయి. మాకు నాలుగో అంతస్తు గది ఇచ్చారు, లిఫ్టు లేదు. కింది గది కావాలని బుకింగ్‌లోనే రాశాం, ఎవరూ చూడలేదు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఖాళీ లేదన్నారు. ఆ 22 గంటల్లో ఆ మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగాను. మీరు వెళ్తే లిఫ్టు ఉందా, ఏ అంతస్తు గది అని ఫోన్‌లో అడిగి కనుక్కున్నాకే డబ్బులు కట్టండి.

ఆ సాయంత్రం అన్నం దగ్గర స్టూళ్లు ఎదురయ్యాయి. హనోయిలో చిన్న హోటళ్లన్నీ ఫుట్‌పాత్ మీదే. అందరూ జానెడున్నర ఎత్తు ప్లాస్టిక్ స్టూళ్ల మీద గొంతుకూర్చున్నట్టు కూర్చుని తింటారు. వాటి మీద నేను కూర్చోలేను, కూర్చున్నా లేవలేను. కోడి మాంసంతో చేసే నూడుల్స్ పులుసు, వాళ్లు ఫొ గా అంటారు, గిన్నె 60,000. మా అమ్మాయి కూర్చుంది. నేను గిన్నె చేత్తో పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. పులుసు వేడికి వేళ్లు కాలుతున్నాయి. పక్కన ఉన్నవాళ్లందరూ నన్నే చూస్తున్నారని అనిపించి సగమే తిని పెట్టేయబోయాను. పులుసు పోస్తున్న ఆమెకు నా వయసే ఉంటుంది. గరిటె పక్కన పెట్టి వచ్చి, నా నడుము మీద చెయ్యి వేసి ఏదో అడిగింది. నేను నడుము వంగదన్నట్టు చేత్తో చూపించాను. ఆమె ఖాళీగా ఉన్న స్టూళ్లు ఒకదాని మీద ఒకటి మూడు పేర్చింది. నొక్కి చూసి, నాలుగోది కూడా పెట్టి, కూర్చోమంది. కుర్చీ ఎత్తు వచ్చింది. గిన్నె పెట్టుకోవడానికి ఇంకో రెండు బల్లలు ఒకదానిపై ఒకటి ఎక్కించింది. మిగతా సగం పులుసు కూర్చుని తాగాను. ఆ తర్వాత నాలుగు రోజులూ ఎక్కడికి పోయినా అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి పైకి ఎత్తి చూపించేదాన్ని. ఒక్క చోటా కాదనలేదు.

29, శనివారం. మా అమ్మాయికి పొద్దున ఆఫీసు పని ఉంది. అయిదున్నరకు ఒక్కదాన్నే స్వెటర్ వేసుకుని బయల్దేరాను. హోన్ కియెమ్ అనే చెరువు హోటల్‌కు దగ్గరే. చుట్టూ నడిస్తే 1,700 మీటర్ల పైన ఉంటుంది. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా దాని చుట్టూ బండ్లు రానివ్వరు, కాబట్టి నాలాంటి వాళ్లకు నడక అలవాటు చేసుకోవడానికి ఆ రోజులే మంచివి. చీకటితోనే ఊరంతా అక్కడే ఉంది. పాటలు పెట్టుకుని వరసల్లో ఆడవాళ్లు వ్యాయామం చేస్తున్నారు, ముసలివాళ్లు గాలిలో చేతులు మెల్లగా తిప్పుతున్నారు. నేను వెనక వరసలో నిలబడి వంగేవి వదిలేసి చేతులతో చేసేవి చేశాను. ఒకాయన కర్ర పట్టుకుని నా నడకే నడుస్తున్నాడు. మూడుసార్లు ఎదురుపడ్డాం, మూడోసారి ఇద్దరం తలూపుకున్నాం. చెరువు చుట్టూ ఒక్క చుట్టుకు 55 నిమిషాలు.

చెరువు నుంచి వచ్చే సందులో చల్లటి టీ అమ్మే ఆమె ఉంది. చా దా అంటారు, గ్లాసు 5,000. స్టూళ్లు పేర్పించుకుని కూర్చున్నాను. ఆమె పక్కన తొంభై ఏళ్లు ఉంటాయనిపించే ముసలమ్మ, తల్లో అత్తో, ఒళ్లో డబ్బా పెట్టుకుని ఆకు, వక్క, సున్నం కలిపి మడుస్తోంది. మా నాయనమ్మ మడిచినట్టే, బొటనవేలితో సున్నం రాసి. నేను చూస్తున్నానని గమనించి నవ్వింది. పళ్లన్నీ నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి, పలక మీద నీళ్లు తుడిచినట్టు. ఆకువక్క గార అట్లా ఉండదు. గదికి వచ్చాక మా అమ్మాయి ఫోన్‌లో వెతికి చెప్పింది. పూర్వం అక్కడ ఆడవాళ్లు కావాలనే పళ్లకు నల్ల రంగు పట్టించుకునేవాళ్లట. నల్లటి పళ్లు అందం, తెల్లటి పళ్లు మోటు అని. ఆ ముసలమ్మ దాచుకోకుండా నోరు నిండా నవ్వింది. నేను చిన్నప్పటి నుంచి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతాను. ఆమె ఎదుట మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకోలేదని నాకు తర్వాత గుర్తొచ్చింది.

అక్కడే పొరపాటు కూడా చేశాను. ఆ దేశంలో 20,000 నోటు, 5,00,000 నోటు రెండూ నీలంగానే ఉంటాయి. రెండింటి మీదా హో చి మిన్ బొమ్మే. నేను పెద్దది ఇచ్చేసి నడుస్తున్నాను. ఆమె వెనక నుంచి వచ్చి స్వెటర్ పట్టుకుని ఆపి, నోటు తిరిగి చేతిలో పెట్టి, సున్నాలు వేలితో లెక్కపెట్టి చూపించింది. 1,700 రూపాయలు పోయేవి. ఆ రోజే పెద్ద నోట్లు జాకెట్ లోపలి జేబులో, చిన్నవి పర్సులో పెట్టాను. అందరూ ఆమెలా ఉండరు. అదే మధ్యాహ్నం ఒకడు నా చెప్పు ఊడిందంటూ అడక్కుండానే జిగురు పూసి 3,00,000 అడిగాడు. మా అమ్మాయి 50,000 ఇచ్చి వదిలించుకుంది. చెప్పు వంక చూస్తూ ఎవరైనా వస్తే ఆగకండి.

ఆ రోజు పాత వీధులు తిరిగాం. అక్కడ చాలా వీధుల పేర్లు హాంగ్‌తో మొదలవుతాయి. హాంగ్ అంటే సరుకు. ఒకప్పుడు ఏ వీధిలో ఏది అమ్మేవాళ్లో ఆ పేరే. హాంగ్ థియెక్‌లో ఇప్పటికీ రేకులు కొడుతూనే ఉన్నారు, ఆ చప్పుడు రెండు సందుల అవతలికి వినిపిస్తుంది. లాన్ ఓంగ్ వీధిలో మూలికల వాసన. ఫుట్‌పాత్‌ల మీద స్కూటర్లు నిలిపి ఉంటాయి కాబట్టి రోడ్డు మీదే నడవాలి. 40 నిమిషాలకోసారి ఆగాం.

నా మనసు పట్టుకుంది హాంగ్ బో వీధి. గుండీలు, జిప్పులు, దారాలు, లేసులు, వీధి పొడుగునా అవే. నేను ఒక్క షాపులోనే ముప్పావుగంట ఉన్నాను. గోడ నిండా చిన్న డబ్బాలు, ప్రతి డబ్బాకు ముందు ఒక గుండీ కుట్టి పెట్టారు, లోపల ఏముందో చదవక్కర్లేకుండా. ముత్యపు చిప్ప గుండీ ఒకటి తీసి వెలుగులో తిప్పితే గులాబీ, ఆకుపచ్చ రంగులు మెరుస్తూ మారుతున్నాయి. అంచు మీద గోరు పెట్టి చూశాను, ఎక్కడా గరుకు లేదు. షాపామె నా వేళ్లు చూసి నా మధ్యవేలి మీది సూది గట్టిదనం ముట్టుకుంది. తన వేలు చూపించింది, అదే చోట అదే గట్టిదనం. రెండు డజన్లు కొంటే నాలుగు ఎక్కువ వేసింది. తిండి సంగతి కూడా చెప్పాలి. శనివారం నేను మాంసం తినను. "చాయ్" అంటే చాలు, అక్కడ ఆ మాటకు అర్థం టీ కాదు, మాంసం లేని భోజనం. బోర్డు మీద ఆ మాట ఉన్న హోటల్ చూసుకుంటే ఇబ్బంది లేదు. మామూలు చోట్ల మాత్రం కూరగాయల్లో కూడా చేపల సాస్ వేస్తారు.

30, ఆదివారం. లోంగ్ బియెన్ వంతెన. ఎర్ర నది మీద ఫ్రెంచివాళ్లు 1902లో పూర్తిచేసిన ఇనుప వంతెన అది. నడుమ రైలు పట్టా, రెండు పక్కలా స్కూటర్లు, వాటి అంచున మనుషులు నడిచే దారి. యుద్ధంలో అమెరికా విమానాలు బాంబులు వేస్తే కొన్ని కమాన్లు పోయాయి. బాగుచేసినవి ఎత్తు తక్కువగా, పాతవి ఎత్తుగా, దూరం నుంచి చూస్తే పళ్లూడిన దువ్వెనలా ఉంటుంది. ఊరంతా కుడివైపు నడిచే బండ్లు ఈ వంతెన మీద మాత్రం మనలా ఎడమవైపు నడుస్తాయి. పొడవు కిలోమీటరున్నర పైనే. పొద్దున ఆరున్నరకు ఎక్కాం.

నడిచే దారి సిమెంటు పలకలు. వాటి మధ్య సందుల్లోంచి కింద నది కనిపిస్తుంది. నేను తల వంచి కాళ్ల కింద చూసుకోలేను, అదే నా భయం. మా అమ్మాయి ముందు నడుస్తూ, పలక కదిలే చోట చేత్తో రెయిలింగ్ మీద రెండుసార్లు కొట్టేది. అక్కడ నేను పాదం ఈడ్చి వేసేదాన్ని. సగం దూరంలో రైలొచ్చింది. మెల్లగానే పోయింది గానీ వంతెనంతా వణికింది, ఆ వణుకు అరికాళ్లలోంచి నడుము దాకా వచ్చింది. రెయిలింగ్ రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. కింద నది మధ్య లంకలో అరటి తోటలు, మొక్కజొన్న. అంత నీళ్లు చూస్తే నాకు కృష్ణా నీళ్లే గుర్తొస్తాయి. సాగర్ మా జిల్లాలోనే ఉంది, ఆ నీళ్లు మా ఊరి నల్లాలోకి వచ్చేసరికి నా ఎముకలు ఎప్పుడో బిగుసుకుపోయాయి. మా అమ్మాయి మంచి నీళ్లు తాగి పెరిగింది. తను ఆ వంతెన మీద వెనక్కి తిరిగి తిరిగి నన్ను చూస్తూ నడుస్తుంటే, ఆ మెడ అంత సులువుగా తిరుగుతుంటే, చూస్తూ ఉండిపోయాను.

అవతలి ఒడ్డుకు చేరేసరికి 7:50. గంటా ఇరవై నిమిషాలు. తిరిగి రావడానికి కారు మాట్లాడుకున్నాం, 70,000.

డిసెంబర్ 1న లేవలేకపోయాను. ఎడమ మోకాలు వాచింది. మధ్యాహ్నం మూడు దాకా ఐసు పెట్టుకుని పడుకున్నాను. సాయంత్రం కారులో సాహిత్య దేవాలయానికి వెళ్లాం, 1070లో కట్టింది, టికెట్ 70,000. రాతి తాబేళ్ల వీపుల మీద పరీక్ష నెగ్గిన పండితుల పేర్లున్న 82 శిలాఫలకాలు. బాగుంది, కానీ నొప్పితో చూశాను. ఒక రోజు ఎక్కువ నడిస్తే మరుసటి రోజు ఏమీ పెట్టుకోవద్దని ముందే అనుకుని ఉంటే బాగుండేది.

2వ తేదీ బయల్దేరే ముందు టీ ఆమె దగ్గరికి వెళ్లాను. నేను సందు మొదట్లో కనిపించగానే స్టూళ్లు పేర్చడం మొదలుపెట్టింది. ముసలమ్మ ఆకు మడిచి ఇచ్చింది. మా అమ్మాయి ఫొటో తీసింది. అందులో మేమిద్దరం నోరు తెరిచే నవ్వుతున్నాం.

ఇద్దరికీ ఖర్చు: విమానం 52,000, హోటల్ నాలుగు రాత్రులు 9,600, వీసాలు 4,600, ఇన్సూరెన్స్ 1,800, అక్కడ తిండి, కార్లు, టికెట్లు, గుండీలు అన్నీ కలిపి 14,000. మొత్తం 82,000. మోకాలి వాపు తగ్గడానికి ఎనిమిది రోజులు పట్టింది. నడుము మాత్రం, ఎందుకో, పోయినప్పటికంటే తేలిగ్గా ఉంది.

మొన్న మా ఊరి నుంచి అన్న భార్య ఫోన్ చేసింది. నాకంటే నాలుగేళ్లు పెద్దది, ఆమెకు నాకంటే ఎక్కువ బిగుసుకుంది. ఓట్ల సంగతి, పత్తి సంగతి అయ్యాక, కాసేపు ఆగి, "నేను పోగలనా?" అని అడిగింది. వీడియో కాల్ చెయ్యమన్నాను. చేశాక, అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, పైకి ఎత్తి చూపించాను. "ఇదేందే?" అంది. మళ్లీ చూపించి, నువ్వూ చెయ్యి వదినా అన్నాను.